వరదగుడి

వేటే ఊళ్లో రోడ్డు పొడుగునా లవంగాలు ఎండుతున్నాయి.
చాపల మధ్య సైకిళ్లు వంకర్లు తిరుగుతూ పోతాయి.
మొగ్గ తొక్కకుండా నడవడం
ఇక్కడి పసివాళ్లకు మాటలకంటే ముందే వస్తుంది.

మొగ్గలు ఓడలెక్కుతాయి.
తొడిమలు మిగులుతాయి.
వాటిని బట్టీకి తోలి, ఆవిరి పట్టి నూనె తీస్తారు.
ఒక్క చుక్క పడిందా, చొక్కా మూడు ఉతుకుల దాకా
పళ్ల డాక్టరు గదిలా ఉంటుంది.

మ్వనకొంబో ఆ సీసాను
గడియారాలు బాగుచేసేవాడి వేళ్లతో పట్టుకుంటుంది.
ఆస్పత్రి వెనక గది. ఒకే ఇన్‌క్యుబేటర్,
కరెంటు పోతే దానిమీద కప్పడానికి పాత దుప్పటి.
గాజు పళ్లెంలో అగార్ జెల్లీ,
అదీ సముద్రపు నాచులోంచి వచ్చిందే.
వాళ్లమ్మ మోకాటిలోతు నీళ్లలో ఇరవై ఏళ్లు పెంచిన నాచు
వేరే జాతి;
కిలో ఎంత తక్కువకు పోయేదో ఆమెకింకా గుర్తే.

జెల్లీ మీద సాల్మొనెల్లా పరిచింది.
పెళ్లింటి భోజనంలోది.
ముప్పై ఒక్కమంది కడుపులు పట్టుకుని వచ్చారు,
ముప్పైమంది ఇంటికి నడిచారు.
మిగిలిన మనిషి పేరు పళ్లెం మీద రాయలేదు,
నంబరు రాసింది: ఏడు.

తెల్లారేసరికి
పాలమీద మీగడలా పళ్లెమంతా అదే.
మధ్యలో నూనె ముంచిన కాగితపు బిళ్ల,
బిళ్ల చుట్టూ తేటగా, ఖాళీగా
చంద్రుడికి కట్టినట్టు వరదగుడి.
స్కేలు పెట్టింది. పందొమ్మిది మిల్లీమీటర్లు.
మళ్లీ పెట్టింది. పందొమ్మిదే.
ఎవరికైనా చెబుదామని తలుపు తీసింది.
వరండాలో ఒక బాలింత నిద్రపోతోంది.
తలుపు మెల్లగా వేసేసింది.

లవంగం నూనెలో యూజెనాల్ అని ఉంటుంది.
సూక్ష్మజీవికి ఒంటిచుట్టూ కొవ్వు పొర;
నూనెకు కొవ్వుతో చుట్టరికం.
చుట్టంలా లోపలికెళ్లి గోడకు చిల్లి పెడుతుంది,
ఇక ఉప్పూ సత్తువా కారిపోవడమే.
చెట్టు ఇదంతా మనకోసం కూడబెట్టలేదు.
కాళ్లు లేని ప్రాణి, పురుగొస్తే పరిగెత్తలేదు,
వాసనే దాని చేతికర్ర.

రాత్రి బజార్లో ఆక్టోపస్ కూర అమ్మే తమ్ముడు ఫకీ అడిగాడు:
"అయితే నా కుండలో నాలుగు చుక్కలు వేసుకోనా?"

వేసి చూసింది, ల్యాబులో, చల్లారిన కూరలో.
కొబ్బరిపాలు, పసుపు, నిమ్మ, ఏడో నంబరు పురుగు.
మర్నాడు లెక్కపెడితే
ఒక్కటీ తగ్గలేదు, పైగా పిల్లాపాపలతో ఉన్నాయి.
నూనె కొబ్బరి కొవ్వులో కరిగిపోయి
హాయిగా పడుకుంది.
చుట్టరికం అక్కడా పనిచేసింది.

పదింతలు పోసింది. చచ్చాయి.
పురుగు కలపని కూరలో అదే మోతాదు వేసి
ఫకీ ముందు పెట్టింది.
ఒక ముద్ద. నాలుక మొద్దుబారి, మాట ముద్దై,
కాసేపటికి తేరుకుని అన్నాడు:
"చచ్చిన పురుగు సంగతి సరే,
బతికున్న గిరాకీ సంగతేమిటి?"

దూరపు గుడి దగ్గర వాన అంటారు.
పళ్లెంలో గుడి ఎంత దూరాన కట్టిందో!
కుండలో చినుకైనా రాలలేదు.

తర్వాత కూర వదిలేసి బల్ల పట్టుకుంది,
ఫకీ ఆక్టోపస్ తరిగే మామిడి చెక్క బల్ల,
కత్తిగాట్లలో ఏళ్లనాటి తడి.
సబ్బుతో తోమి, నూనె కలిపిన నీళ్లతో తుడిచి,
దూదితో అద్ది, లెక్కపెట్టింది.
తగ్గాయి. సున్నా కాలేదు.
నివేదికలో "ఉపయోగం ఉంది" అని రాసి
ముందు "కొంత" అని ఇరికించింది.
అక్కడ చోటు లేదు, అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కాయి.

ఆ రాత్రి బజార్లో కిరోసిన్ దీపం కింద
ఎవరో ముక్కు ఎగబీల్చి అడిగారు:
"ఇక్కడెవరికి పంటి నొప్పి?"
"బల్లకి," అన్నాడు ఫకీ.

అందరూ నవ్వారు.
మ్వనకొంబో కుండలోకి వంగి చూస్తోంది.
అంచుల్లో బుడగలు, మధ్యలో ఇంకా నిశ్శబ్దం.
"గరిటె పెట్టకు," అంది,
"నడిమధ్య కూడా పొంగనీ."